ఉమామహేశ్వరి మోసిన నీళ్ళు

అమెరికాలోని డబ్లిన్‌లో ఉమామహేశ్వరి పులిహోర తినని తెలుగువాళ్ళు లేరు. ఆ పులిహోరే ఆవిడ కొంప ముంచింది. వారాంతాల్లో కొండలూ అడవులూ తిరిగే బృందం ఒకటుంటే, సరదాపడి మూడేళ్ళ కిందట అందులో చేరింది. ఈ మూడేళ్ళూ ఆవిడకి దక్కిన పని ఒక్కటే. కార్లు ఆపేచోట గొడుగు కింద కూర్చుని, నడిచినవాళ్ళు తిరిగొచ్చేసరికి పేపర్ ప్లేట్లు పరిచి ఉంచడం. "మీకెందుకు ఆంటీ ఈ ఎండలో తిప్పలు? హాయిగా కూర్చోండి" అనేవాడు చక్రపాణి. బృందానికి పెద్ద అతనే. నలభై ఎనిమిదేళ్ళవాడు, చిప్ డిజైన్ చేస్తాడు, మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడైతే నాలుగు చీవాట్లు పెట్టి తన దారి తాను చూసుకునేది.

ఆవిడకి అరవై ఏడేళ్ళు. కూర్చోబెట్టాలని చూసినవాళ్ళలో చక్రపాణి మొదటివాడేం కాదు. నీటి పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు కెమిస్టుగా పనిచేసింది. మొదటి పదకొండేళ్ళూ గడప దాటనివ్వలేదు. బావుల దగ్గరికీ, చెరువుల దగ్గరికీ వెళ్ళి శాంపిల్స్ తెచ్చే పని మగవాళ్ళదట! పన్నెండు సీసాల పెట్టె బరువట, ఆవిడవల్ల కాదట. ఒకరోజు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఆ పెట్టె తనే మోసుకెళ్ళి వ్యాన్‌లో పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుంది. సూపర్‌వైజర్ వచ్చి కిటికీ కొడితే అద్దం దించి, "అడ్రస్ చెప్పండి" అంది. ఆ తరవాత పదిహేడేళ్ళు ఆ పెట్టె మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

అలాంటి మనిషిని పట్టుకుని ప్లేట్లు పరవమంటే ఎన్నాళ్ళని పరుస్తుంది? ఈ ఫిబ్రవరిలో ఎడారి ప్రయాణం కబురు వాట్సాప్‌లో పడింది. చుట్టూ ఇసుక దిబ్బలు, నడిమధ్య ఒయాసిస్, ఐదు మైళ్ళ నడక, ఒక రాత్రి టెంట్లలో. "నేనూ నడుస్తాను" అని రాసింది. జవాబుగా దణ్ణాల బొమ్మలు వరసకట్టాయి. చక్రపాణి ఫోనే చేశాడు.

"ఆంటీ, ఇది పార్క్‌లో వాకింగ్ కాదు. బ్యాక్‌ప్యాక్ వేసుకుని ఇసుకలో నడవాలి. ఈసారికి డ్రాప్ అయిపోండి."

"నా బరువు నేనే మోసుకుని నడుస్తా. నడవలేకపోతే జన్మలో మళ్ళీ అడగను. మీ ప్లేట్లు పరుచుకుంటూ పడుంటా, సరేనా?"

సరే అనక ఏం చేస్తాడు? ఆ రోజు నుంచి ఆవిడ ఐదు కిలోల బియ్యం సంచులు రెండు వీపున వేసుకుని వీధి వీధంతా తిరగడం మొదలుపెట్టింది. ఎదురింటి అమెరికన్ ముసలాయన రోజూ సెల్యూట్ కొట్టేవాడు. భర్త పద్మనాభం మాత్రం టీవీలో క్రికెట్ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఆ బియ్యం మళ్ళీ డబ్బాలో పొయ్యి తల్లీ, వండుకోవాలి" అనేవాడు.

బయల్దేరే ముందురోజు గ్రూప్‌లో అందరికీ రాసింది: మనిషికి ఆరు లీటర్ల నీళ్ళు తెచ్చుకోండి అని. "ఒయాసిస్ ఆంటీ, ఒయాసిస్! అక్కడ ఉండేవే నీళ్ళు. ఫిల్టర్ తెస్తున్నా" అని చక్రపాణి జవాబు. ఆవిడ తన ఆరు సీసాలూ తను సర్దుకుంది.

మొత్తం ఆరుగురు. చక్రపాణి, అతని భార్య రచన, అతని ఆఫీసు స్నేహితులు ముగ్గురు, ఉమామహేశ్వరి. పొద్దున ఎనిమిదింటికి కారు దగ్గర బ్యాగులు సిద్ధం చేసి పెట్టుకుని, ఆడవాళ్ళిద్దరూ రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొచ్చారు. దారి పొడుగునా గుంజలు పాతి ఉన్నాయి. వాటి వెంట నడక మొదలైంది.

ఏం నడక! రెండడుగులు ఎక్కితే ఒకడుగు వెనక్కి జారే ఇసుకలో కూడా ఆవిడ కుర్రాళ్ళకి సమంగా నడిచింది. వీపున బరువున్నట్టే లేదు. నిన్న ఇంట్లో ఎత్తి చూసుకుంటే భుజాలు లాగాయి, ఇవాళ దూదిమూటలా ఉంది. ఆరు వారాల బియ్యం సంచులు ఊరికే పోలేదని ఒళ్ళు పులకరించింది. వెనకబడిన ఒక స్నేహితుణ్ణి "ఏం నాయనా, మోకాళ్ళా?" అని ఆటపట్టించింది కూడా.

రెండు మైళ్ళు దాటాక ఆగారు. బ్యాగ్ విప్పింది. పైన రెండు సీసాలు. వాటి కింద నాలుగు మరమరాల ప్యాకెట్లు.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తలెత్తి చూస్తే చక్రపాణి నవ్వుతున్నాడు. చిన్నపిల్లాడు చేసిన మంచిపని బయటపడినట్టు సిగ్గుపడుతున్నాడు కూడా.

"నేనే తీసి కార్లో పెట్టేశా ఆంటీ. మీ చేత అంత బరువు మోయించి మేం ఖాళీగా నడిస్తే బాగుంటుందా చెప్పండి? బ్యాగ్ వెలితిగా కనిపిస్తే మీరు కనిపెట్టేస్తారని అవి కుక్కా."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. నీళ్ళు పోయినందుకు కాదు. పొద్దుటినుంచీ తన బలమనుకుని మురిసిపోయిందంతా ఇతగాడి దయ అని తేలినందుకు. అవమానంతో కళ్ళు చెమర్చాయి.

"తాళం ఇవ్వు" అంది.

"ఏ తాళం?"

"కారు తాళం. నా నీళ్ళు నేను తెచ్చుకుంటా."

"అయ్యో, నా దగ్గర ఫిల్టర్ ఉందన్నాగా..."

"నీ ఫిల్టర్ పురుగుల్ని ఆపుతుంది, ఉప్పుని ఆపదు. ఇలాంటి చోట నిలవున్న నీళ్ళు ఎలా ఉంటాయో ఇరవై ఎనిమిదేళ్ళు పరీక్ష చేశానయ్యా! నోట్లో పోసుకోలేవు."

"అంతగా అయితే నేను పరిగెత్తి తెస్తా, మీరు కూర్చోండి."

"కూర్చోను!"

ఆ కేకకి అందరూ ఉలిక్కిపడ్డారు. స్నేహితుల్లో ఒకడు గొణిగాడు, "వెనక్కెళ్తే పందెం పోయినట్టేగా ఆంటీ" అని.

"వెనక్కే వెళ్తున్నా. మానుకోవడం లేదు. మళ్ళీ మొదట్నుంచీ నడిచి వస్తా, ఉండండి."

రచన మెల్లిగా తన బ్యాగ్ విప్పింది. రెండు సీసాలు, ఒక తలగడ. మొగుడి వైపు చూసింది. "నాది కూడానా?" చక్రపాణి ఇసుక వైపు చూశాడు. ఆ పిల్ల అతని బ్యాగ్ జేబులోంచి తాళం తీసుకుని, "పదండి ఆంటీ" అంది.

కారు దగ్గరికి వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. కారు నీడలో కూర్చుని పెరుగన్నం తిన్నారు, గంటసేపు కాళ్ళు చాపుకున్నారు. ఉమామహేశ్వరి తన నాలుగు సీసాలూ సర్దుకుని, డిక్కీలో ఉన్న నీళ్ళ సీసాల కేసులోంచి మరో మూడు తీసి పెట్టుకుంది. ఆ మూడూ ఎవరికో రచన అడగలేదు. తనూ తన నాలుగింటి పైన మూడు పెట్టుకుంది.

ఈసారి బరువు బరువులాగే ఉంది. పట్టీలు భుజాల్ని కోశాయి. మొదటి దిబ్బ మీదే రొప్పు వచ్చింది. ముప్పై అడుగులు, ఆగడం, ముప్పై అడుగులు, ఆగడం. మోకాలు నువ్వెవరు నేనెవరంటోంది. అయినా ఆవిడకి లోపల ఎంత సంతోషంగా ఉందంటే, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. ఈ నొప్పి తనది. ఇందులో ఎవడి దయా లేదు.

"ఆపేద్దామా ఆంటీ?" అంది రచన ఒకచోట, తనే కూలబడి.

"నీకు కావాలంటే నువ్వాగు. నేను ఈ జన్మలో ఆగను."

రచన నవ్వేసి లేచింది.

ఐదింటికి ఆఖరి దిబ్బ ఎక్కారు. కింద గిన్నె అడుగున ఉన్నట్టు పచ్చగా చెట్లు, మధ్యలో చిన్న మడుగు, దాని అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఒడ్డున నలుగురు మగవాళ్ళూ నీరసంగా కూలబడి ఉన్నారు. ఫిల్టర్ పక్కన పడుంది. తెచ్చుకున్న తలా రెండు లీటర్లూ మధ్యాహ్నానికే అయిపోయాయట. మడుగునీళ్ళు వడకట్టి తాగబోతే వాంతి వచ్చిందట.

వీళ్ళని చూసి చక్రపాణి లేచి, తూలుతూనే దిబ్బ మీదికి ఎదురొచ్చాడు. చెయ్యి ఆవిడ బ్యాగ్ పట్టీ మీద పడింది. అలవాటు మరి.

"తియ్యి చెయ్యి" అంది.

తీశాడు. ఆవిడ అతన్ని దాటుకుని జారుతూ, నిలదొక్కుకుంటూ కిందికి దిగింది. చెట్ల నీడలో బ్యాగ్ తనే దించింది. మూడు సీసాలు బయటికి తీసి ఇసుకలో నిలబెట్టింది. రచన మరో మూడు పెట్టింది. నలుగురూ తాగారు.

"సారీ ఆంటీ" అన్నాడు చక్రపాణి, గొంతు తడిశాక. "మీరు బాగా అలిసిపోయారు. ఆ టెంట్ ఇటివ్వండి, నేను వేస్తా. మీరు కూర్చోండి."

ఆవిడ బ్యాగ్‌కి కట్టిన టెంట్ విప్పి చంకలో పెట్టుకుంది. ఇంకో చేత్తో మగవాళ్ళు మోసుకొచ్చిన మడత కుర్చీ తెరిచి అతని ముందు వేసింది.

"పొద్దుటినుంచీ దాహంతో ఉన్నావు. నువ్వు కూర్చో నాయనా" అంది.

చక్రపాణి అటూ ఇటూ చూశాడు. చివరికి కూర్చున్నాడు. ఉమామహేశ్వరి టెంట్ మేకులు కొట్టుకోవడానికి రాయి వెతుక్కుంటూ వెళ్ళింది.