ఉస్తాద్ చేతిలో పోయిందన్న మైకు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. డెబ్బై దాటినవాడు పోయినవాళ్లందరి గురించీ రాస్తూ కూర్చుంటే సొంత చావుకు తీరిక దొరకదు. నిజామాబాద్‌లో టేప్‌రికార్డర్లు బాగుచేసే ఉస్తాద్ పోయాడన్న మాట నాకు బోధన్ బస్టాండు హోటల్లో తెలిసింది. చెప్పినవాడు ఇడ్లీ తింటూ చెప్పాడు, నడుమ చట్నీ ఇంకొంచెం వేయించుకుని. నేను చేయి కడుక్కుని బస్సెక్కాను. ఖబరస్తాన్‌లో మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను. అంతటితో అయిందనుకున్నాను.

వారం తర్వాత, పల్లెపాటలు పోగుచేసే మా పాటల సంఘం సంతాప సభ పెట్టింది. కార్యదర్శి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. శాలువా సర్దుకుని అన్నాడు: "చేయి తిరిగిన మనిషే. కాని మన మైకు మాత్రం ఆయన చేతిలనే పోయింది. సరే, పోయినోళ్ల గురించి ఇప్పుడెందుకులే."

సభంతా తల ఊపింది. పొగడ్తలో ముల్లు పెట్టి గుచ్చడం, గుచ్చి ఎందుకులే అనడం, బాగా చదువుకుంటే తప్ప రాదు. నా మెడ కూడా ఊగింది. ఎన్నో ఏళ్ల అలవాటు కదా, దానికి నా అనుమతి అక్కర్లేదు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. అందుకే ఈ కాగితాలు.

ఉస్తాద్ దుకాణమంటే ఇంటి ముందు గదే. వెనక ఒక పర్దా, పర్దా వెనక ఆయన భార్య. బాగైన ప్రతి రికార్డర్‌లోనూ మొదట పడేది ఆమె గొంతు. "చాయ్ పీతే, యా ఫేంక్ దూఁ?" తాగుతావా, పారబోయనా అని. దాన్ని వెనక్కి తిప్పి, విని, తల ఆడించి అప్పుడే గిరాకీకి ఇచ్చేవాడు. చెరిపేయడం చాలాసార్లు మరిచేవాడు. మాక్లూర్‌లో మా చుట్టాల పెళ్లి క్యాసెట్ మంగళసూత్రం దగ్గర మొదలుకాదు, ఈ చాయ్ దగ్గర మొదలవుతుంది.

ఇక మైకు సంగతి. మా సంఘానికి ఎవరో దాత ఇచ్చిన ఖరీదైన మైకు ఒకటి ఉండేది. స్పాంజి పరిచిన పెట్టె, మైకు జాలీ లోపల కూడా స్పాంజి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, ఏళ్ల తరబడి సభల్లో మా దగ్గర మైకుందని చెప్పుకున్నాం. పాట ఒక్కటి పట్టలేదు. సిరికొండ వైపు ఒక అవ్వకు బీడీలు చుట్టేటప్పుడు పాడే పాటలు వస్తాయనీ, అవి ఇంకెవరికీ రావనీ తెలిసినప్పుడు పెట్టె తెరిచాం. స్పాంజి కుళ్లి, నల్లని జిగురై మైకును కరుచుకుని ఉంది. నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తూచే కాంటా దగ్గర పనిచేసినవాణ్ణి. మొలాసిస్ ట్యాంకు అడుగు అచ్చం అలాగే ఉంటుంది. అందులో ఒకసారి నా చెప్పు ఇరుక్కుంటే కాలు లాక్కుని చెప్పును ఫ్యాక్టరీకి వదిలేశాను.

పెట్టె మోసుకుని ఉస్తాద్ దగ్గరకు వెళ్లింది నేనే. మూత తెరిచి వాసన చూశాడు.

"చక్కెర ఊరోడివి, చీమలు వట్టలేదా భాయ్?"

"ఎన్ని రోజులైతది ఉస్తాద్?"

"ఎనిమిది."

"గింత చిన్నదానికా?"

"అంటుకోనీకి ఎన్నేండ్లు వట్టిందో గది జెప్పు ముందు."

మైకు లోపల గొంతును పట్టే పొర ఉల్లిపొర కన్నా పలుచన. దాని మీద జిగురు నలుసు పడిందా, మైకు పోయినట్టే. అందుకని జాలీ విప్పి, మైకును దూలానికి తీగతో తలకిందులుగా వేలాడదీసి, ఆయన కింద చాప మీద వెల్లకిలా పడుకునేవాడు. ఊపిరి తగలకుండా మూతికి దస్తీ. సన్నని వెదురు పుల్ల కొసన దూది, దూదికి ఒక్క చుక్క స్పిరిట్. ఒకసారి తాకిన దూది మళ్లీ తాకదు. రవ్వలు రాలి గడ్డం మీద పడుతుంటే చూసి వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు, ఉస్తాద్ లారీ కింద దూరాడని.

"మనం తుడిస్తే లోపలికి వోతది భాయ్. దాన్నే రాలనియ్యాలె. కింద మనముండాలె, గంతే" అనేవాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "గట్టిది ఎన్నడు మోసం జెయ్యలే. కాపాడుత అని మెత్తగ ఒత్తుకోని పండుకున్నదే గిట్ల పట్టుకుంటది."

నాలుగో రోజు శుక్రవారం. ఉస్తాద్ నన్ను దుకాణంలో కూర్చోబెట్టి నమాజుకు వెళ్లాడు. అప్పుడు కార్యదర్శి వచ్చాడు. వేలాడుతున్న మైకును చూసి, "ఏందయ్యా, మైకుకు ఉరేసిండా?" అన్నాడు. తీగ విప్పాడు.

"సార్, ఆయన వచ్చేదాక ఆగుండ్రి" అన్నాను. నెమ్మదిగా. ఒకే ఒక్కసారి.

"నువ్వేమన్న మెకానిక్‌వా?"

స్కూటర్ డిక్కీలోంచి సీసా తెచ్చాడు. పెట్రోలు. జేబురుమాలు తడిపి ఇత్తడి చెంబు తోమినట్టు తోమాడు. ఆపైన మైకు మూతికి తన మూతి ఆనించి ఉఫ్‌మని ఊదాడు. ఉస్తాద్ వచ్చి చూసి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఒక్కటే అడిగాడు: "ఊదిండ్రా?"

"నువ్వు ఎనిమిది రోజులన్న పని నేను పది నిమిషాల్ల జేసిన" అన్నాడు కార్యదర్శి.

మరునాడు సిరికొండ వెళ్లాం. అవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని గంటసేపు పాడింది. రికార్డర్‌లో గరగర తప్ప ఏమీ పడలేదు. కార్యదర్శి అందరి ముందూ అన్నాడు: "ఆ ఉస్తాద్‌కు ఇచ్చినం, గదే మన తప్పు." నేను పక్కనే వైరు చుట్టుకుంటూ ఉన్నాను. చుట్టుకుంటూనే ఉన్నాను. ఏడో తరగతితో బడి ఆపినవాడికి డిగ్రీల మధ్య కుర్చీ వేసిన సంఘం అది. ఆ కుర్చీ కోసం నోరు మూసుకున్నాను. మరుసటేడు అవ్వ పోయింది, పాటలతో సహా.

సంఘం మాట ఊరి మాటయింది. మంచి రికార్డర్లు ఉన్నవాళ్లు హైదరాబాద్‌కు పంపుకున్నారు. ఉస్తాద్‌కు ఫ్యాన్లు, మిక్సీలు మిగిలాయి. "నువ్వన్న చెప్పరాదు ఉస్తాద్, నిజమేందో" అన్నాను ఒకసారి, సిగ్గులేకుండా. ఆయన మిక్సీ బోర్లించి మరలు విప్పుతూ, "గవాహివి నువ్వున్నవు గద భాయ్, కండ్లార జూసినోనివి, నాకేం ఫికర్?" అన్నాడు. ఎత్తిపొడిచాడో, నమ్మాడో ఈ రోజుకూ తెలియదు. నమ్మాడేమోనన్నదే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

సంతాప సభ మరునాడు ఆ ఇంటికి వెళ్లాను. భార్య ఇద్దత్‌లో ఉంది, భర్త పోయినామె పరాయి మగవాళ్ల కంటపడని రోజులు, పర్దా చాటు నుంచే మాట్లాడింది. సభలో ఏమన్నారో అప్పటికే ఎవరో మోసుకొచ్చారు.

"భాయ్ సాబ్, గప్పుడు మీరు ఆడనే ఉంటిరి గద. గా మాట ఒక్కటి నలుగుర్ల జెప్పుండ్రి. ఆయన కోసం గాదు, నాకోసం."

ఇక్కడిదాకా రాసి, ముందు కార్యదర్శికి చదివి వినిపించాను. చాటుగా రాసి అచ్చేయించడం మళ్లీ అదే పిరికితనం. ఆయన అరుస్తాడనుకున్నాను. కళ్లు మూసుకుని మొత్తం విని, "నా పేరు పెట్టినవా?" అన్నాడు.

"లేదు సార్."

కాగితాలు తీసుకున్నాడు. నా కలం అడిగాడు. 'పెట్రోలు' అన్న మాట కొట్టేసి, పైన 'థిన్నర్' అని రాశాడు. "గప్పుడు ఇంటికి రంగులేయిస్తున్న, డిక్కీల ఉన్నది గదే" అన్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగలేదు.

పత్రికకు ఇంకో ప్రతి రాసి పంపుతున్నాను. కార్యదర్శి దిద్దిన కాగితం ఉస్తాద్ భార్యకు పర్దా పక్క నుంచి అందించాను. ఆమెకు తెలుగు చదవరాదు. కార్యదర్శి తన చేత్తో రాసిన మాట ఏదో గుర్తు పెట్టి ఇమ్మంది. దాని కింద గీత గీసి ఇచ్చాను.