నేను పొమ్మన్న ఊరు

పోలీస్ యాక్షన్ అయిన రెండు నెలలకు, ఒక ఉదయం ఏడింటికి సికింద్రాబాద్ స్టేషన్‌లో బండి ఎక్కాను. మారేడ్‌పల్లిలో నేను పనిచేసే మిషన్ బడి పక్కన బట్టలు కుట్టే ఖాసింను వెతకడానికి. పట్నం మీద బాంబులు పడతాయని అందరూ హడలిపోతున్న రోజుల్లో, "మీ ఊరికి పో, పుట్టి పెరిగిన చోట నిన్నెవరేం చేస్తారు" అని అతనికి చెప్పింది నేనే. పాఠాలు చెప్పీ చెప్పీ నాకు అందరికీ చెప్పే జబ్బు పట్టుకుంది. పట్నం మీద ఒక్క బాంబూ పడలేదు. ఖాసిం నుంచి ఉత్తరమూ రాలేదు.

పదింటికి వికారాబాద్‌లో దిగి, టీ తాగి, బీదర్ వైపు వెళ్లే బండి ఎక్కాను. ఎదుట కూర్చున్న రైతు తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చాడు.

"రజాకార్లు మా ఇల్లు కాలవెట్టిండ్రు సార్. గడ్డివాము సుత ఉంచలే."

"వాళ్లేమయ్యారు?"

"ఎప్పుడో పారిపోయిండ్రు. ఊళ్లె మిగిలిన సాయిబుల మీద పడ్డరు జనం."

"నువ్వూ వెళ్లావా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం వినడానికి సామెతే. ఆ రొట్టె పక్కన పెట్టేశాను.

జహీరాబాద్‌లో దిగి, ఎడ్లబండి మీద ఊరు చేరేసరికి నాలుగయింది. ఖాసిం ఇంటికి పైకప్పు లేదు. అతని భార్య ఫాతిమా పక్కింటి కోమట్ల వసారాలో కనిపించింది, నుదుట కుంకుమతో. ఆ ఇంటావిడే బొట్టు పెట్టి, బంధువని చెప్పి బతికించిందట.

"ఆయనను సంపి బాయిల ఏసిండ్రు సార్" అంది ఫాతిమా, నేను అడగకముందే.

మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాను. మోండా మార్కెట్ దగ్గర ఆమె అన్న ఉన్నాడు. వికారాబాద్ దాటాక, "ఇక బొట్టు తుడుచుకోవచ్చమ్మా" అన్నాను. మళ్లీ సలహా.

"జెర ఉండనియ్యి సార్."

కాసేపటికి తనే చెప్పింది.

"మా తోటోళ్లు ఇంకో ఆరిండ్లోళ్లు పట్నం పోతమని మూటలు గట్టిండ్రు. మా ఆయనే ఆపిండు. మా సార్ చదువుకున్నోడు, ఊళ్లె ఏం గాదన్నడు అని."

"వాళ్లెక్కడ ఉన్నారు?"

"అందరు గా బాయిలనే."

ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

సాయంత్రం నాలుగింటికి సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్ మెట్ల మీద ఆగి, "ఈడ ఏం గాదు గద సార్?" అంది.

మోండా మార్కెట్ వైపు దారి తీశాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఇకమీద బండ్ల వేళలు తప్ప నేనేమీ చెప్పను.