కుళాయి దగ్గర ఒక్కతే

నాకు కౌబాయ్ సినిమాలంటే పిచ్చి. విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారం మార్నింగ్ షోకి ఏ ఇంగ్లీషు సినిమా వచ్చినా, పోస్టరు మీద గుర్రమూ టోపీ కనిపిస్తే చాలు, వెళ్ళిపోయేవాణ్ణి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఊరంతా తలుపులు మూసుకుంటుంది, ఒక్కడు వీధిలోకి నడుస్తాడు. ఆ నడక చూడ్డానికే వెళ్ళేవాణ్ణి. హాల్లోంచి బయటికొచ్చాక బస్టాపు వరకూ నేనూ అలాగే నడిచేవాణ్ణి.

అనకాపల్లి పోస్టాఫీసులో క్లర్కుగా స్థిరపడ్డాక కూడా ఆ పిచ్చి పోలేదు. రెండువేల సంవత్సరం దాటాక వీసీడీ ప్లేయరు కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తెచ్చిన సీడీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నా భార్య చేటలో పప్పు ఏరుకుంటూ ఓ కన్ను అటు వేసేది. ఆమెది సబ్బవరం దగ్గర రైతు కుటుంబం. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశారు.

"ఊళ్ళో ఇంతమంది ఉన్నారు కదండీ, ఆయనొక్కడే ఎల్తన్నాడేటి?" అని అడిగింది ఓసారి.

"మిగతావాళ్ళకి భయం. అతనికి ధైర్యం. అదే కథ."

"మరి రేపు ఆళ్ళందరూ ఆయన మొకం ఎలా సూత్తారు?"

సినిమాలో రేపు ఉండదు, అతను గుర్రమెక్కి వెళ్ళిపోతాడు అని నవ్వాను. ఆ ప్రశ్న నాకు అప్పుడు తెలివితక్కువగా తోచింది.

మా వీధి చివర రేకుల ఇంట్లో ఒక లారీ డ్రైవరూ, అతని భార్యా అద్దెకుండేవారు. అతను దూరప్రాంతాలకి లోడ్లు తోలేవాడు, ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ ఆమెకి నోటికి వచ్చు. అతను ఏడాదిపాటు చిక్కి చిక్కి చనిపోయాడు. నెల తిరక్కుండానే ఏ జబ్బుతో పోయాడో వీధికి తెలిసిపోయింది. ఎయిడ్స్ అని ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ జబ్బు అనేవారు. ఆమెకీ ఉందని పరీక్షలో తేలిందన్న కబురు కూడా ఎవరో మోసుకొచ్చారు.

ముందు జాకెట్లు ఇవ్వడం మానేశారు. అప్పటికే ఇచ్చినవాళ్ళు కుట్టించకుండానే గుడ్డ వెనక్కి తెచ్చుకున్నారు. తర్వాత కుళాయి దగ్గర మొదలైంది. మా వీధికంతటికీ మున్సిపాలిటీ కుళాయి ఒక్కటే, పొద్దున్న గంటసేపు నీళ్ళు. ఆమె బిందె వరసలో కనిపిస్తే ఎవరో ఒకరు కాలితో పక్కకి నెట్టేవారు. అందరూ పట్టుకున్నాక రమ్మనేవారు. అందరూ పట్టుకునేసరికి నీళ్ళు ఆగిపోయేవి.

ఇదంతా నాకు తెలుసు. మా కిటికీలోంచి కుళాయి కనిపిస్తుంది.

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పుతుండగా, నన్ను బావా అని పిలిచే ఎదురింటాయన ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఆమెని ఖాళీ చేయించమని ఇంటి ఓనరుకి అర్జీ. కింద వరసగా సంతకాలు.

"అందరూ ఎట్టేసేరు బావా. నువ్వొక్కడివే మిగిలేవు."

"నీళ్ళ వల్ల రాదని డాక్టర్లు చెప్తున్నారు కదా," అన్నాను.

"రాదని నువ్వు రాసిత్తావా? పిల్లలున్న ఇళ్ళు. రేపేదన్నా అయితే ఎవులిది బాజ్జత?"

పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే జబ్బంటే నాకంత భయం లేదు. ఒక్కణ్ణే మిగలడం ఇష్టం లేక పెట్టాను. నా భార్య అప్పుడు పెరట్లో బట్టలు తీస్తోంది. ఆమెకి చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్న కేకలు వినిపించి కిటికీ దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు భార్య బిందె రోడ్డు మీద దొర్లుతోంది. ఆమె దాన్ని తీసుకోకుండా అలా చూస్తూ నిలబడింది. నా భార్య వరసలోంచి బయటికి వచ్చి, ఆ బిందె ఎత్తి, కొంగుతో దుమ్ము తుడిచి, తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది.

"నీకేటి మతి పోయిందా వదినా?" అని ఎవరో అరిచారు.

"దీని ఎనక నా బిందె. నా ఎనక ఎవులు పట్టుకుంటారో, ఎవులు మానేత్తారో మీ ఇష్టం," అంది నా భార్య. బిందె మీద చెయ్యి వేసి నిలబడింది.

"ముందు మీ ఇంట్లో సెప్పుకో. ఆ కాయితం మీద మీ ఆయన సంతకం కూడా ఉంది," అంది ఎదురింటావిడ.

నా భార్య ఒక్కసారి మా కిటికీ వైపు చూసింది. నేను పక్కకి తప్పుకున్నాను. రెండు బిందెలూ నిండి, నా భార్య ఇంటిదారి పట్టాక, ఎవరో బ్లీచింగ్ పౌడరు తెచ్చి కుళాయిని తోమడం చూశాను.

లోపలికొచ్చి బిందె దింపింది. "పెట్టేరా?" అని అడిగింది.

"పెట్టాను."

కాసేపటికి రోజూలాగే కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఆ రోజు తిట్టినా బాగుండేది.

నేను చూసిన సినిమాల్లో చెడ్డవాళ్ళు ఎక్కడి నుంచో గుర్రాల మీద వచ్చేవారు. మా వీధిలో బిందె తన్నినవాళ్ళు, నా భార్యకి టైఫాయిడ్ వస్తే పది రోజులు మా ఇంటికి చారన్నం మోసినవాళ్ళే. మర్నాడు ఆమె మళ్ళీ అదే కుళాయికి వెళ్ళాలి, వాళ్ళ పక్కనే నిలబడాలి. శ్రావణమాసంలో ఇంటింటా పేరంటాలు జరిగాయి. మా గుమ్మం ముందునుంచే కుంకుమభరిణెలు వెళ్ళిపోయేవి. ఒక్కరూ పిలవలేదు. నా భార్య చీర మార్చుకుని సాయంత్రం దాకా ఎదురుచూసి, మళ్ళీ పాత చీర కట్టుకోవడం నేను రెండు శుక్రవారాలు చూశాను.

ఓనరు అర్జీ ప్రకారమే చేశాడు. నెలాఖరుకి డ్రైవరు భార్య రాంబిల్లి దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మా గేటు దగ్గర ఆగింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఒద్దక్కా. నా వల్ల ఇప్పటికే నీకు మాటొచ్చింది."

"మాటలదేటుందే, వత్తాయి పోతాయి. మందులు మానీకు," అంది నా భార్య. ఇద్దరూ గేటుకి చెరోవైపు నిలబడి ఏడ్చారు. నేను వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

తర్వాతి వానాకాలంలో, అక్కడ ఆమె పోయిందని కబురొచ్చింది. నా భార్య చీర మార్చుకుని బస్సుకి బయల్దేరింది. నేనూ చెప్పులు వేసుకున్నాను.

"మీరెందుకండీ," అంది. అందులో కోపం లేదు. వానలో గొడుగేసుకుని ఒక్కతే బస్టాండు వైపు వెళ్ళింది.

మరో ఏడాదికి వీధివాళ్ళు మళ్ళీ పేరంటాలకి పిలవసాగారు. ఏమీ జరగనట్టే పిలిచారు, ఈమె ఏమీ జరగనట్టే వెళ్ళింది. నేనే ఉండబట్టలేక ఒకరోజు భోజనం దగ్గర అడిగాను, ఆ సంతకం సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా అని.

ఆమె నా కంచంలో మజ్జిగ పోసింది. "కోపమేటండీ. మీకు సెప్పుకునే మాటలు కొన్ని తగ్గేయి, అంతే."

ఆ మాటలు ఏవో అడక్కుండానే మజ్జిగ కలుపుకున్నాను. అన్నం తిని ఆఫీసుకి వెళ్ళిపోయాను.