అక్కన్నపేటలో దిగినాయన

సిద్దిపేటలో అక్కన్నపేట బస్సెక్కాను. పక్క సీట్లో యాభై ఏళ్లాయన పండ్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మందుల కంపెనీలో సూపర్‌వైజరట. కాసేపటికి తనే మాట కలిపాడు.

"గిరాకీ తగ్గిందని నిరుడు పాతోళ్లందర్ని తీసేయమన్నరు. నాకు పని నేర్పినాయనకు గూడ నేనే చెప్పిన. కొన్ని నెలలు ఆగితె తీసేసే పనే లేకుండె. ఇప్పుడు ఆర్డర్లు మల్ల వచ్చినయి, పని తెలిసినోళ్లు లేరు. ఆయనను తోల్కరమ్మని నన్నే పంపిన్రు. వస్తున్ననని ఫోన్ చేసిన గని, ఎందుకో చెప్పలే."

"ఆయన వస్తాడంటారా?"

"అడగనీకె నాకు నోరొస్తదో లేదో సార్."

అక్కన్నపేటలో ఇద్దరం దిగాం. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్న ఓ ముసలాయన రోడ్డు పక్కన ఎదురుచూస్తున్నాడు. సూపర్‌వైజరు పండ్ల సంచి ఆయన చేతికిచ్చి, తల దించుకున్నాడు.

"అన్నా, కంపెనోళ్లు..."

"సమజైంది తమ్మీ. నేను రాను. గిరాకీ మల్ల తగ్గితె, నన్ను తీసేయనీకె మల్ల నిన్నే పంపుతరు. నీతోని ఆ మాట రెండోసారి చెప్పియ్యను."

ముసలాయన అతని భుజం మీద చెయ్యేసి, "మీ వదిన వండింది, తిని పోదువు నడు" అన్నాడు.

వాళ్లిద్దరూ ఇళ్ల మధ్య కనుమరుగయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.