మేడమీదామె చెప్పిన శుభ్రం

ప్రొద్దుటూరులో మా మేడమీద అద్దెకున్నామె, టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించాకే మాట మొదలుపెట్టేది. ఆమెదీ మా అమ్మాయిదీ ఒకే రకం కంప్యూటర్ పని.

ఒకరోజు అమ్మాయి తయారుచేసిన కంటైనర్ ఇమేజ్, అంటే ప్రోగ్రాంని దానికి కావాల్సినవాటితో కలిపి పొరలు పొరలుగా కట్టిన మూట, మరీ పెద్దదని ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. ఇన్‌స్టాల్ చేశాక మిగిలిపోయే ప్యాకేజీల కాష్ చెత్తని చివర్లో తుడిచినా సైజు తగ్గలేదని ఏడ్చింది.

ఆమె వచ్చి చూసింది. "చివర్లో తుడిస్తే లాభమేంది పాపా? కింది పొరలో అట్నే ఉంటాది. ఇన్‌స్టాల్ చేసే కమాండు వరుసలోనే, అప్పటికప్పుడే తుడిచెయ్యల్ల."

సైజు సగానికి పడింది.

మర్నాడు అమ్మాయి పోపు వేస్తూనే గిన్నెలు కడుగుతోంది. ఇరవై ఏళ్ళుగా నేను మొత్తుకున్నది అదే.

"ఎవురు నేర్పించిరి?" అన్నాను.

"మేడమీదక్క, అమ్మా. శానా బాగా చెప్తాది."

కొన్నాళ్ళకి ఆమె ఇల్లు ఖాళీ చేసి పులివెందుల వెళ్ళిపోయింది. మా వంటిల్లు ఇప్పటికీ శుభ్రంగానే ఉంటోంది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.