తుపాను దగ్గర ఆగిపోయిన బొమ్మల సినిమా

పోయిన నెల కొరియర్‌లో వచ్చిన పెట్టెను కత్తెరతో తెరవగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది, నాకు అక్కడే చిరాకు మొదలైంది, ఎందుకంటే ఆ సినిమాకు ఉండాల్సిన వాసన అది కాదు. క్యాసెట్టుకు పట్టిన బూజు, దాన్ని తుడవడానికి వాడిన స్పిరిట్ దూది, వాకిట్లో ఎండుతున్న నెత్తళ్ల చేపలు, ఈ మూడూ కలిసిన వాసన ఉండాలి. పెట్టెలో రెండు డిస్కులు ఉన్నాయి. మొదటిదాంట్లో, విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోని ఒక పాత విదేశీ బొమ్మల సినిమాను శుభ్రం చేసి, రంగులు సరిదిద్ది మళ్లీ ఇచ్చారు. రెండోదాంట్లో అప్పట్లో సినిమాలోంచి తీసేసిన సన్నివేశాలట. ముప్పై ఏళ్లుగా నేను ఆ సినిమాలో నాలుగంటే నాలుగు నిమిషాల కోసం కొట్టుకుంటున్నాను. తీరా చేతికొచ్చాక చూద్దామంటే నా లాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. విజయనగరంలో మా వీధి చివర పెళ్లి వీడియోలు తీసే అతన్ని బతిమాలితే, మూలన పడేసిన ఒక డిస్కు డ్రైవు దుమ్ము దులిపి ఇచ్చాడు.

మా ఊరు భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున. ఒకవైపు సరుగుడు తోటలు, ఇంకోవైపు ఇసుక మీద ఆరబెట్టిన వలలు, మధ్యలో మా ఇళ్లు. నాన్న తెల్లవారకముందే తెప్ప మీద వేటకు వెళ్లేవాడు, మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఆ మధ్యాహ్నం దాకా ఇంట్లో కొన్ని మాటలు పలకకూడదు. మునగడం, ముంచడం అసలే అనకూడదు. కుండను తొట్టిలో ముంచినా ‘నీళ్లలో పెట్టాను’ అనాలి. ఓసారి తమ్ముడు నూకరాజు చోడి అంబలి తాగుతూ, నంజుకునే ఉల్లిపాయ గిన్నెలో పడిపోతే ‘మునిగిపోనాది’ అని కేకేసి, వీపు మీద రెండు తిన్నాడు. వేసవిలో వేట ఆగినప్పుడు మాత్రం ఆ మాటలన్నీ మాకు తిరిగొచ్చేవి. ఆ రోజుల్లో ముంజెలు తింటూ, కాల్చిన జీడిపిక్కలు కొట్టుకుంటూ, మూతులు మసి చేసుకుని, పిక్కలాటలో ఓడినవాళ్లను ‘మునిగావు, మునిగావు’ అని కావాలనే అరిచేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు భోగాపురం జంక్షన్లోని వీడియో కొట్టు మూసేస్తుంటే, నాన్న అక్కడ ఒక పాత వీసీఆర్ కొన్నాడు. దాంతోపాటు, ఎవరూ అద్దెకు అడగని క్యాసెట్లు అరడజను పురికొసతో కట్టి ఇచ్చేశారు. అందులో ఐదు ఉప్పుగాలికి రెండు నెలల్లో పాడైపోయాయి. ఆరోదే ఈ బొమ్మల సినిమా. ఇంగ్లీషు ముక్క ఒక్కటీ మాకు అర్థమయ్యేది కాదు, అందుకని మాటలు మేమే వేసుకునేవాళ్లం. ఒక దీవి, అందులో చేపలు పట్టే తండ్రి, వాడి కొడుకు, వాళ్ల వెనకే తిరిగే ఒక ముసలి కొంగ. కొంగకు నూకరాజు, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మా అత్త గొంతు పెట్టేవాడు.

“ఏటిరా, ఇయ్యాల ఒక్క సేపయినా పడిందా, ఉత్త సేతులేనా?” అని వాడు కొంగలాగా అడిగితే, నేను నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని.

సినిమా సగానికి వచ్చేసరికి తుపాను. ఆకాశం నల్లబడుతుంది, తండ్రీకొడుకుల పడవ అల మీదికి లేస్తుంది, అంతే, పెరట్లో చేపలకు ఉప్పు పట్టిస్తున్న అమ్మ పరిగెత్తుకుని వచ్చేది. ఉప్పు చేతులతో ముట్టుకుంటే మిషను పాడవుతుందని మోచేత్తో బటను నొక్కి టేపు ముందుకు పరిగెత్తించేది. మళ్లీ బొమ్మ నిలబడేసరికి పిల్లాడు ఒంటరిగా ఒడ్డున కూర్చుని ఉండేవాడు. తండ్రి ఇంక చివరిదాకా కనిపించడు. చచ్చిపోయాడని నూకరాజు, ఇంకో దీవికి కొట్టుకుపోయాడని నేను. అన్నం దగ్గర, బడికి వెళ్లే దారిలో, ఎన్ని నెలలు దెబ్బలాడుకున్నామో లెక్క లేదు. వేట లేని వేసవిలోనైనా అమ్మ ఆ ముక్క చూడనిస్తుందా అంటే అదీ లేదు. నాన్న ఇంట్లో ఉంటే టీవీలో వార్తలే.

అమ్మ చేపలమ్మడానికి వెళ్లిన ఒక రోజు తలుపేసుకుని సరిగ్గా తుపాను దగ్గరికి టేపు తిప్పాను. వానలు వెనకబట్టిన రోజులు, బయట గాలి గట్టిగానే ఉంది. అల లేచింది. పడవ లేచింది. తండ్రి కొడుకు వైపు చెయ్యి చాపాడు. కరెంటు పోయింది. అరగంట, గంట, ఇంక రాలేదు. అమ్మ ఖాళీ బుట్టతో తిరిగొచ్చింది. అప్పటికి తెప్పలు రావాలి, ఒక్కటీ రాలేదు. సరిగ్గా అప్పుడే, నన్ను అప్ప అని పిలిచే నూకరాజు నోరు జారాడు.

“అమా, అప్ప తుపాను ముక్క సూసీసినాదే!”

అమ్మ నన్ను కొట్టలేదు. టీవీ మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కరెంటు లేని మిషన్లోంచి క్యాసెట్టును బలవంతంగా పెకలించి, దాని మూత ఎత్తి, టేపు మూరలకు మూరలు లాగి, తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. నేను చూడలేదమ్మా, కరెంటు పోయిందమ్మా అని వెనక తిరుగుతూనే ఉన్నాను. ఆమె నా మాట వినకుండా ఒడ్డుకు వెళ్లిపోయింది. సాయంత్రానికి తెప్పలన్నీ వచ్చాయి, గాలికి దారి తప్పి దూరంగా ఒడ్డెక్కారట. నాన్న కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. నాన్న వచ్చినందుకు నాకూ ఏడుపొచ్చేంత సంతోషమే, కానీ చూడని దానికి నన్ను దోషిని చేశారన్న కోపం మాత్రం పోలేదు. నాన్న ముసలితనంలో మంచం మీదే కన్నుమూశాడు. అప్పటికీ పోలేదు.

ఇప్పుడు డిస్కులో ఆ నాలుగు నిమిషాలూ చూశాను. తండ్రి పిల్లాణ్ని ఒక చెక్క మీదికి తోసి తను నీళ్లలో ఉండిపోతాడు. అంటే నూకరాజే గెలిచాడు. ఆ ఉక్రోషంతో రెండో డిస్కు పెట్టాను. పనికిరాని ముక్కలు ఐదారు అయ్యాక, అన్నిటికన్నా చివర, రంగుల్లేకుండా, మాటల్లేకుండా, ఉత్త పెన్సిలు గీతల్లో ఒక బొమ్మ. గడ్డం నెరిసిన తండ్రి ఒడ్డున నడిచి వస్తాడు, ఎదిగిన కొడుకు లేచి నిలబడతాడు. సినిమా నిడివి ఎక్కువైందని ఇది తీసేశామని కింద రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. కొంగ వేషాలు పావుగంట ఉంచుకున్నవాళ్లకు ఈ నిమిషమున్నర బరువైందా?

ఆదివారం కంప్యూటరూ డ్రైవూ సంచిలో వేసుకుని మా ఊరు వెళ్లాను. విమానాశ్రయం వచ్చాక భోగాపురం జంక్షన్ గుర్తుపట్టలేనంత మారింది, వీడియో కొట్టు ఎక్కడుండేదో బస్సులోంచి వెతికి ఓడిపోయాను. నూకరాజు మోటారు బోటు మీద వేటకెళ్లాడు. గాలీ వానా ఇప్పుడు వాడి ఫోనే చెబుతుంది, అయినా అమ్మ వాడు ఒడ్డెక్కేదాకా కంప్యూటర్ తెరవనివ్వలేదు. వాడొచ్చి స్నానానికి వెళ్లాక, అప్పుడు కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. పెన్సిలు తండ్రి నడిచి రావడం రెండుసార్లు చూసింది.

“రంగులెయ్యలేదేటి?”

“తీసేసిన ముక్క అమ్మా. సినిమా పొడుగైపోయిందట.”

“పోయిన ముక్క ఉంచీసి, వచ్చిన ముక్క కోసీసారా?” అమ్మ నిజంగానే మండిపడింది. “ఇదుంటే నేనెందుకాపుతానే?”

ఇన్నేళ్లకు మా ఇద్దరి కోపం ఒకే చోటికి వచ్చింది కదా అని, నా సంగతి కూడా బయటపెట్టాను. ఆ రోజు నేను నిజంగా చూడలేదని, కరెంటు పోయిందని, ఎంత చెప్పినా వినలేదని.

“తెల్సునే,” అంది అమ్మ. “సెయ్యేసి సూసాను కదా, టీవీ సల్లగా ఉన్నాది.”

“తెలిసీ ఎందుకు లాగేశావే?”

“అప్పటికి మీ నాన్న రాలేదు కదే. ఊరికే ఎలా కూసుంటాను? సేతికి అదే దొరికింది.”

వీసీఆర్ పోయింది, కొట్టు పోయింది, వెళ్లినవాళ్లు ఎక్కడున్నారో తెలియకుండా మధ్యాహ్నం దాకా కాచుకునే ఆ ఆడవాళ్ల కాలమూ మా ఊళ్లో చాలావరకు పోయింది. ముప్పై ఏళ్లు అమ్మ మీద పెట్టుకున్న నా కోపం కూడా ఆ పూటతో చెల్లకుండా పోయింది, దాన్ని ఇప్పుడెవరి మీద చూపించాలో తెలియక నాకింకా చిరాగ్గానే ఉంది.