పాల ధర, ఇంటి ధర

రెండు వేల ఏడులో నేను మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చేనాటికి నా దగ్గర ఒక డిపెండెంట్ వీసా, ఒక ఎం.ఏ. డిగ్రీ, రెండు ప్రెషర్ కుక్కర్లు ఉన్నాయి. అక్కడ పనికొచ్చినవి కుక్కర్లే. మా ఆయన ఒక కార్ల కంపెనీలో కాంట్రాక్టు ఇంజనీరు. పొద్దున ఏడింటికి మాకున్న ఒక్క కారూ తీసుకుని వెళ్లిపోయేవాడు. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నవి రెండే: ఒక గ్యాస్ స్టేషన్, ఒక లైబ్రరీ. గ్యాస్ స్టేషన్‌లో కూర్చోనివ్వరు కాబట్టి లైబ్రరీకి వెళ్లేదాన్ని.

నాలుగు నెలలు రోజూ అదే కుర్చీలో నన్ను చూసిన లైబ్రేరియన్ ఒకరోజు దగ్గరికొచ్చి, టైపింగ్ వచ్చా అని అడిగింది. వచ్చన్నాను. బుధవారం పొద్దున పదింటికి మేడమీద గదిలో పెద్దవాళ్లు కొందరు కలుస్తారనీ, తమ వయసు నాటి సంగతులు, ధరలు, సినిమాలు, వార్తలు చెప్పుకుంటారనీ, వాటన్నిటినీ చిన్న పుస్తకంగా వేయాలనీ చెప్పింది. పంతొమ్మిది వందల యాభైల నాటి జీవితం. రాసుకుని టైపు చేసి పెట్టే మనిషి కావాలి. జీతం లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"హెచ్-ఫోర్ వీసా మీద పని చేయకూడదు కదా. వాలంటీర్ అంటే ఓకేనా? అటార్నీకి మెయిల్ పెడతా ఆగు."

మూడు రోజుల తర్వాత జవాబొచ్చింది. "డబ్బులు తీసుకోకపోతే పర్లేదంట," అన్నాడు.

"అక్కడ కాఫీ ఇస్తారు. తాగొచ్చా?"

"అది అడగలేదు," అన్నాడు. మొదటి బుధవారం నేను కాఫీ తాగలేదు.

ఆ గుంపులో ఎనిమిదిమంది ఉండేవాళ్లు. ఒకరు ఫ్లోరిడాకి వెళ్లిపోయారు, ఒకరికి తుంటి విరిగింది, కొందరికి విసుగొచ్చింది. ఏ వారమూ మానకుండా వచ్చేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకావిడకి ఎనభై రెండేళ్లు. పెళ్లికి ముందు టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. భర్త పోయాక, కొత్తగా కాపురానికి వచ్చిన ఇంట్లోనే ఒంటరిగా ఉంటూ, పడవంత కారుని నడకంత వేగంతో నడుపుకుంటూ వచ్చేది. రెండో ఆయనకి డెబ్భై తొమ్మిది. నల్లజాతి మనిషి. కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే చోట ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఎప్పుడూ టై కట్టుకుని, కూతురు కారులో దిగేవాడు. ఆయన రాగానే ఆవిడ గడియారం చూసేది. ఆలస్యంగా వచ్చాడని కాదు, తను ముందొచ్చిందని తెలియాలని.

ఇద్దరికీ పొసగనిది బ్రెడ్డు ధర. పదిహేను సెంట్లని ఆవిడ. పద్దెనిమిదని ఆయన.

"నేను కొన్నానండీ రోజూ," అనేది ఆవిడ.

"నేను రోజూ తిన్నాను," అనేవాడు ఆయన.

చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. "నువ్వు అప్పటికి పుట్టలేదు, ఈ దేశంలోనూ లేవు. నీకు పక్షపాతం ఉండదు. నువ్వే తేల్చు," అంది ఆవిడ. కింద గదిలో పాత వార్తాపత్రికల ఫిల్ము రీళ్లు ఉండేవి. మిషన్‌కి ఎక్కించి, పిడి తిప్పుతూ చూడాలి. రెండు రోజులు తిప్పాను. యుద్ధాలు, ఎన్నికలు, తుఫాన్లు కళ్లముందు జారిపోతుంటే కిరాణా ప్రకటనల దగ్గర మాత్రం ఆగేదాన్ని. బ్రెడ్డు పదిహేడు సెంట్లని తేలింది. ఆయన ఒక్క సెంటు దూరం కాబట్టి తనే గెలిచానన్నాడు. ఆవిడ ఆ రీలు పెద్దపట్టణం పత్రికదని కొట్టిపారేసింది.

మిగతా విషయాల్లో ఇద్దరి మాటా బాగానే కలిసేది. పాలు సీసాల్లో గుమ్మం దగ్గరికొచ్చేవి. చలికాలం పాలు గడ్డకట్టి పైకి పొంగితే మూత టోపీలా పైకి లేచేది. గ్యాలను పెట్రోలు పావు డాలరు. సినిమా టికెట్టు యాభై సెంట్లు, దానికే రెండు సినిమాలు. టీవీలో వార్తలు పదిహేను నిమిషాలే.

"మిగతా సమయంలో ఏం జరిగేదో మాకు తెలిసేది కాదు. హాయిగా ఉండేది," అన్నాడాయన.

ఆవిడ వీధిలో మొదటి టీవీ వాళ్లదే. ప్రసారాలు మొదలయ్యే ముందు గీతలూ వలయాలూ ఉన్న బొమ్మ ఒకటి కదలకుండా ఉండేదట, వీధిలో వాళ్లంతా వచ్చి దాన్ని కూడా చూసేవాళ్లట. మా ఊళ్లో మేమూ దూరదర్శన్‌లో అలాంటి బొమ్మనే చూశామని చెప్పాను. ఇద్దరూ నన్ను మొదటిసారి తమ మనిషిలా చూశారు. ఆ రోజు నాకు కాఫీ ఆవిడే కలిపిచ్చింది. తాగాను.

పుస్తకంలో నడిమి పేజీ ధరల పట్టిక. లైబ్రేరియన్‌కి ఆ పేజీ మీద చాలా ఆశ. "జనం మొదట తెరిచేది అదే," అనేది. పాలు, బ్రెడ్డు, కాఫీ, టికెట్టు, పెట్రోలు అయ్యాయి. ఒక బుధవారం ఇంటి ధరకి వచ్చాం.

"పదివేల ఐదు వందలు," అంది ఆవిడ ఠక్కున. "మూడు పడకగదులు. ఇప్పుడు నేనున్న ఇల్లే. ఎవరైనా కొనుక్కోగలిగేవాళ్లు."

"ఎవరైనానా?" అన్నాడు ఆయన.

"మా ఆయన మామూలు క్లర్కు."

ఆయన టై సర్దుకున్నాడు. గొంతు పెంచలేదు. బ్రెడ్డు గురించి మాట్లాడిన గొంతుతోనే చెప్పాడు. కొత్త కాలనీలు లేస్తున్న రోజుల్లో, ఆదివారం చర్చి అయ్యాక భార్యనీ పిల్లల్నీ కారులో ఎక్కించుకుని నమూనా ఇల్లు చూడటానికి వెళ్లాడు. భార్య కొత్త టోపీ పెట్టుకుంది. అమ్మే మనిషి గుమ్మంలోనే ఎదురొచ్చి, అన్నీ అమ్ముడైపోయాయని మర్యాదగా చెప్పాడు. మర్నాడు ఫ్యాక్టరీలో ఆయన పక్కన పనిచేసే తెల్లవాడు, ఆయన కన్నా తక్కువ జీతం వాడు, అదే కాలనీలో ఇల్లు కొన్నానని మిఠాయి పంచాడు. తర్వాతి ఆదివారం ఆయన మళ్లీ వెళ్లాడు. అమ్ముడైపోయాయి. మూడో ఆదివారమూ వెళ్లాడు.

"మూడోసారి మా పిల్లలకి తలా ఒక బెలూన్ ఇచ్చాడు," అన్నాడు. "అందుకని, అమ్మాయీ, రాసుకో. ఇల్లు: మాకు ఏ ధరకీ లేదు. బెలూన్: ఉచితం."

నేను రాసుకున్నాను. ఆవిడ తన కప్పులోకి చూసింది. "అప్పుడు అలా ఉండేది," అంది. "ఉండేది," అన్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నం లైబ్రేరియన్ నా కాగితం చదివి పెదవి కొరుక్కుంది. మంచి ఆవిడే. "ఇది ముఖ్యమైన విషయమే. కానీ ధరల పేజీ సరదాగా ఉండాలి కదా. దీన్ని వెనకెక్కడైనా వేద్దాం," అంది. వెనక పేజీలు అప్పటికే ప్రకటనలకి ఇచ్చేశారని మా ఇద్దరికీ తెలుసు. నేను అతిథిని, వీసా మీద ఉన్నదాన్ని, నాకెందుకు అనుకున్నాను. 'ఇల్లు: $10,500' అని టైపు చేసి ఊరుకున్నాను.

తర్వాతి బుధవారం ఆయన నమూనా పేజీ అందుకుని పైనుంచి కిందికి చదివాడు. వెనక్కి తిప్పాడు. వెనక ఖాళీ.

"జాగా చాలలేదు," అన్నాను.

"బాగా టైపు చేశావు," అన్నాడు. కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పై బుధవారం రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు.

ఆ రెండు వారాలూ నాకు మా నాన్న గుర్తొస్తూ ఉన్నాడు. మా ఇంటి మేడమీద ఒక వాటా ఉండేది. అద్దెకు అడగడానికి ఎవరొచ్చినా నాన్న కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఇంతకీ మీరెవరు?" అనేవాడు. ఉద్యోగం చెబితే సరిపోదని వచ్చినవాళ్లకీ తెలుసు. కొందరికి మేడ అప్పుడే ఎవరికో మాటిచ్చేశామని చెప్పేవాడు. ఆ తర్వాత నెల్లాళ్లు మేడకి తాళం ఉండేది. మంచినీళ్లు తెచ్చిచ్చింది నేనే. మా ఆయనకి ఈ సంగతి చెబితే, "మీ నాన్నేంటి, అందరూ అంతే," అన్నాడు. అది ఓదార్పో, కాదో నాకు తేలలేదు.

ఆయన రాని రెండో బుధవారం ఆవిడ ఒక చెప్పుల పెట్టెతో వచ్చింది. అందులో పాత కరెంటు బిల్లుల కింద వాళ్ల ఇంటి దస్తావేజు ఉంది. నాకిచ్చి, ఎక్కడ చదవాలో వేలితో చూపించింది. తెల్లజాతికి చెందని ఏ మనిషీ ఈ స్థలంలో నివసించరాదనీ, యజమాని ఇంట్లో పనిచేసే నౌకర్లకు మాత్రం మినహాయింపు అనీ ఉంది.

"చదువు," అంది.

"చదివానండీ."

"ఇందులో నువ్వూ ఉన్నావు."

అంతవరకూ నాకు తట్టలేదు. మళ్లీ చదివాను. ఉన్నాను. నౌకరు అన్న మాట దగ్గర కాస్త ఆగాను. జీతం లేకుండా పనిచేస్తున్నాను కాబట్టి మినహాయింపు కూడా వర్తించదు.

"సంతకం పెట్టేటప్పుడు మేం చదవలేదు," అంది ఆవిడ. తర్వాత చాలాసేపు పెట్టె మూత సరిచేస్తూ ఉండి, "చదివినా పెట్టేవాళ్లమే. ఇల్లు చాలా బాగుంది," అంది.

ఆ దస్తావేజు పట్టుకుని తిన్నగా లైబ్రేరియన్ గదికి వెళ్లింది. నేను వెనకాల వెళ్లాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, ఈ ముక్కా ఆయన చెప్పిన ముక్కా ధరల పేజీలో లేకపోతే తన టీవీ కథ, పాల సీసా, ఆఖరికి బ్రెడ్డు కూడా తీసేయమంది. అవన్నీ తీసేస్తే పుస్తకంలో మిగిలేది ప్రకటనలే. లైబ్రేరియన్ నా వైపు చూసింది.

"జాగా ఉందా?" అంది.

"ఉంది," అన్నాను. "మొదట్నుంచీ ఉంది."

శనివారం మా ఆయన్ని కారు తీయమని, కొత్త పేజీ పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. కూతురు తలుపు తీసి లోపలికి పిలిచింది. ఆయన ఇంట్లో కూడా టైతోనే ఉన్నాడు.

"జాగా చాలలేదన్నది అబద్ధమండీ," అన్నాను. దారంతా ఇంకా పెద్ద మాటలు కూర్చుకున్నాను గానీ బయటికొచ్చింది అదొక్కటే.

"తెలుసు," అన్నాడు. "ఖాళీ కాగితం నేనూ చూశాను కదా." పేజీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చదివాడు. ఇల్లు అన్న చోట ఆవిడ ధర ఒకటి, ఆయన మాట ఒకటి, రెండు వరుసలు, కింద దస్తావేజులోని వాక్యం, ఆ కింద బెలూన్. మా ఆయన గోడమీది కుటుంబ ఫొటోలు చూస్తున్నాడు. చివరికి పెద్దాయన పేజీ మీద వేలితో కొట్టి, "బ్రెడ్డు ధర తప్పు," అన్నాడు. కూతురు మాకు నిమ్మకాయ కేకు పెట్టింది.

పుస్తకం వందో నూటయాభయ్యో కాపీలు వేశారు. లైబ్రరీలో చిన్న సభ పెట్టారు. జనం నిజంగానే ముందు నడిమి పేజీ తెరిచారు. చాలామంది అక్కడే ఆగిపోయారు. ఒకాయన కాపీ తిరిగిచ్చేసి వెళ్లిపోయాడు. ఒకామె వచ్చి, పాలు తమ వీధిలో ఇంకా చవకని చెప్పింది. ఆమె మాటలూ రాసుకున్నాను.

ఆ నెలాఖరున పెద్దావిడ పెద్దాయన్నీ నన్నూ ఆదివారం బేస్‌బాల్ ఆట చూడటానికి ఇంటికి పిలిచింది. ఇన్నేళ్లలో ఆయన ఆ కాలనీలోకి రావడం అదే మొదలు. ఊరికి అటు చివర కూతురింట్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా ఈ వీధిలోకి ఎప్పుడూ రాలేదట. గుమ్మంలో బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాడు. లోపలికొచ్చి కూర్చోకుండా మూడు పడకగదులూ తిరిగి చూశాడు. గోడలు వేలి కణుపుతో తట్టాడు. అల్మరా తలుపులు తెరిచి మూశాడు. ఆవిడ వెనకాలే తిరిగింది. వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్లు పడటం చూసి, కట్టేశాడు.

"మా ఆవిడ చూసి ఉంటే ఈ కిటికీ నచ్చేది," అన్నాడు.

"పొద్దున ఎండ బాగా వస్తుంది," అంది ఆవిడ.

తర్వాత ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. నాకు ఆ ఆట తెలియదు. చెరో పక్కన కూర్చుని నాకు నియమాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చెప్పింది ఆయన ఒప్పుకోలేదు, ఆయన చెప్పింది ఆవిడ ఒప్పుకోలేదు. మూడు గంటలు గడిచాయి. మా ఆయన వచ్చి కారు హారన్ కొట్టేసరికి వాళ్లు ఇంకా రెండో నియమం దగ్గరే ఉన్నారు.